బొమ్మ వంటింటి ఇన్‌స్పెక్టర్

మా బాబాయ్ ఎదుట ఎవరైనా ఏదైనా వేడివేడిగా తిన్న దాఖలాలు లేవు. హోటళ్ళలో తిండి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైంది ఆయనొక్కడే, ఆయన ముక్కు కాలేదు. కంచంలో ఏది పడినా ముందు వాసన చూడాలి, వేలితో నొక్కాలి, వెలుతురుకు ఎత్తి పట్టాలి, ఆఖర్న "ఎప్పుడు చేశారు?" అని అడగాలి. అందుకే ఆయన లేనప్పుడు మేమంతా ముక్కు బాబాయ్ అంటాం. ఉన్నప్పుడు కూడా అంటాం గానీ కాస్త మెల్లగా.

ఒకసారి ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, కొత్త దంపతుల్ని పలకరించడం మానేసి నేరుగా వంటశాలలో దూరాడు. వరసగా మూతలెత్తి వాసన చూస్తుంటే, వంటమాస్టరు ఇదేదో పైనుంచి వచ్చిన దాడి అనుకుని గరిటెతో సహా గోడ దూకాడు. ఆ పూట పెళ్ళివారే వడ్డించుకున్నారు. బాబాయ్ మాత్రం, "భయపడ్డాడంటే ఏదో ఉందన్నమాట" అంటూ ఇంటికొచ్చేదాకా మురిసిపోయాడు.

ఇలాంటి మనిషికి మా పిన్ని భార్య కావడం ఎవరు చేసిన వేళాకోళమో తెలియదు. పిన్ని భోజనప్రియురాలు. కేకు ముక్క చేతికందితే ఎవరి పుట్టినరోజో కూడా అడగదు. ఆవిడ ముద్ద ఎత్తబోతుంటే ఈయన ముక్కు అడ్డం వచ్చేది.

"రుచంతా మీ ముక్కే లాగేసుకుంటే నాకు మిగిలేదేముందండీ?" అనేది పిన్ని.

"ప్రాణం మిగులుతుంది" అనేవాడు బాబాయ్.

పోయిన చలికాలం పిన్ని గుండె మొండికేసింది. ఉప్పు, తీపి, నూనె దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు చెప్పాడు. ఇంకేముంది, బాబాయ్‌కి పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. వంటింటి అలమరకు తాళం వేసి తాళంచెవి మెళ్ళో వేసుకున్నాడు. పిన్ని దిండు కింద దాచుకున్న బిస్కెట్టును పట్టుకుని, వాసన చూసి మరీ, "ఇది ఎప్పటిది?" అని నిలదీశాడు.

"మీరు మొగుడా, జైలరా?" అని పిన్ని ఆ రోజు గట్టిగానే అరిచింది. ఆ తర్వాత అరవడం కూడా మానేసింది. అదే మమ్మల్ని బెదరగొట్టింది. చప్పటి జావ రెండు చెంచాలు తాగడం, "చాలు" అని గిన్నె పక్కకు నెట్టడం, గోడవైపు తిరిగి పడుకోవడం. నవ్వితే మంచం ఊగే మనిషి దుప్పటి కింద ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది.

డాక్టరు తేల్చి చెప్పేశాడు. "ఇదే వరస అయితే ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే."

"వేసుకోమనండి. గొట్టానికి రుచితో పనేముంది?" అంది పిన్ని, గోడవైపు నుంచే.

మేమంతా ఇలా తలలు పట్టుకుని కూర్చున్న సమయంలో బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, స్కూటర్ తీసుకుని రా. బుడంకాయకి బొమ్మ వంటిల్లు కొన్నాను. అందులోకి తిండి కావాలి."

బుడంకాయ అంటే మా చెల్లి కూతురు, అంటే బాబాయ్ మనవరాలు. ఇంకా మూడేళ్ళు నిండలేదు గానీ పై అంతస్తులో ఉంటూ కింది అంతస్తును ఏలుతుంటుంది. ఇంట్లో మనిషి తిండి మానేస్తే ఈయనకి బొమ్మ తిండి కావలసొచ్చిందా అని నాకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను.

షాపులో అమ్మాయి ఓ పెట్టె తెరిచింది. క్యారెట్టు, క్యాబేజీ, బఠాణీ, టమాటా, అన్నీ నిగనిగలాడుతున్నాయి. బాబాయ్ టమాటా తీసి వాసన చూశాడు. వేలితో నొక్కాడు. ట్యూబులైటుకు ఎత్తి పట్టాడు.

"ఎప్పుడు చేశారమ్మా?"

"సార్, అది ప్లాస్టిక్ అండీ."

"అది నాకూ కనబడుతోంది. ఎప్పుడు చేశారు?"

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను సీలింగ్ ఫ్యాను వైపు చూశాను.

"సర్లే, కూరగాయలొద్దు. వేపుళ్ళేమైనా ఉన్నాయా?" అన్నాడు బాబాయ్.

నేను నోరెళ్ళబెట్టాను. నూనె పేరెత్తితే కిటికీలు మూసే మనిషి!

షాపమ్మాయి నచ్చజెప్పబోయింది. "చిన్నపిల్లలకి ఇవే మంచివండీ. కూరలు అలవాటవుతాయని అందరూ ఇవే తీసుకెళ్తారు."

"మాకు అలవాటైంది చాల్లే. వేపుళ్ళు చూపించు."

చెక్కతో చేసిన బంగాళాదుంప వేపుడు వచ్చింది. ఒకటి సరిగా వేగలేదన్నాడు, ఇంకోటి మాడిందన్నాడు. మూడోది చక్కగా ఎర్రబడిందని పక్కన పెట్టాడు. ఆమ్లెట్టు దళసరిగా లేదన్నాడు. చేప నవ్వుతోందని వెనక్కిచ్చేశాడు, నవ్వే చేపని తినడానికి ఎవరికి మనసొస్తుందని. చాక్లెట్ కేకు చూపిస్తే అడ్డంగా తలూపాడు. తెల్ల క్రీముదే కావాలట, ఆ క్రీము అంచులు దాటి కారుతుండాలట. షాపమ్మాయి నిచ్చెనెక్కి దిగి, ఎక్కి దిగి చెమటలు కక్కింది.

నేనిక ఆగలేకపోయాను. "వేలెడంత పిల్లకి వేపుళ్ళు, కేకులూ! పిన్నికేమో చప్పటి జావ! బావుంది బాబాయ్, నీ న్యాయం."

ఆయన మాత్రం కేకును ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఈయనకి సిగ్గు కూడా పోయిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పిన్నిని చూద్దామని వెళ్ళాను. బొమ్మ వంటిల్లు పై అంతస్తులో లేదు. పిన్ని మంచం పక్కనే, ఆవిడ చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. బుడంకాయ నడుముకు తువ్వాలు చుట్టుకుని పొయ్యి దగ్గర తెగ హడావుడి పడుతోంది. బాబాయ్ నేలమీద చతికిలబడి జావగిన్నె పట్టుకున్నాడు.

"అమ్మమ్మా, ఆ..." అంటూ బుడంకాయ చెక్క కేకు తెచ్చి పిన్ని నోటిముందు పెట్టింది. పిన్ని నోరు తెరిచి, ఉత్తుత్తినే నమిలి, కళ్ళు మూసుకుంది.

"క్రీము భలే ఉందే!"

"ఇప్పుడు ఇది" అంటూ బుడంకాయ తాత చేతిలోని గిన్నెలోంచి చెంచాడు జావ తీసి ఆ నోట్లోనే పోసింది. కొంత బాబాయ్ చొక్కా తాగింది, కొంత దుప్పటి తాగింది, మిగిలింది పిన్ని తాగింది.

"ఉత్తిది ఒకటి, నిజంది ఒకటి. తాత చెప్పాడు" అని నాకు వివరించింది ఆ బుల్లి వంటమనిషి.

అప్పటికి వెలిగింది నా బుర్ర. ఎర్రగా వేగిన దుంపలు, దళసరి ఆమ్లెట్టు, క్రీము కారే కేకు. నిన్నంతా ఆయన ఎంచింది పిన్ని కంచంలోకి! నాకు ఏడుపొచ్చిన మాట నిజం. కానీ ఏడుద్దామంటే బాబాయ్ ఒళ్ళంతా జావ కారుతోంది, నవ్వే గెలిచింది.

బుడంకాయ ఈసారి వేపుడు పెట్టింది. పిన్ని నెమ్మదిగా నమిలి, మొహం చిట్లించింది.

"ఉప్పెక్కువైందే."

అందరం బాబాయ్ వంక చూశాం. ఆయన ఆ చెక్కముక్క అందుకుని, వాసనైనా చూడకుండా నోట్లో పెట్టుకుని, చాలాసేపు చప్పరించాడు.

"అవును. ఎక్కువే" అన్నాడు బుద్ధిగా.

"అయితే చప్పది తిను" అంటూ బుడంకాయ రెండు చెంచాలు వెంటవెంటనే పోసేసింది. పిన్ని నవ్వుకి మంచం కిర్రుమంది. గిన్నె అడుగు కూడా గీకించుకుని తాగి, మూతి తుడుచుకుని, మనవరాలిని దగ్గరికి పిలిచింది.

"రాత్రికేం వండుతున్నావే? వేపుడు మాత్రం కాస్త చూసి చెయ్యి."