తెల్లగడ్డం రాక్షసుడు

శనివారం ఉదయం మహీధర్ తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, స్కార్‌బరోలోని తన అపార్ట్‌మెంట్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న కత్తియుద్ధాల గేమ్ రెండో భాగం ఆవేళే విడుదలైంది. మహీధర్‌కు నలభై దాటాయి, బ్యాంకులో ప్రోగ్రామర్. ఎవరి నిద్రైనా చెడుతుందేమో అన్నంత మెత్తగా మీటలు నొక్కుతాడు. ఆటలో వంగి నమస్కరించడానికి ఒక మీట ఉంది. నెరిసిన తల కనిపిస్తే చాలు, అతని వేలు దాని మీదికే పోతుంది.

మొదటి కోట వాకిట్లో తెల్లగడ్డం రాక్షసుడు గొడ్డలితో కూర్చుని ఉన్నాడు. మహీధర్ వంగాడు. గొడ్డలి మెడ మీద పడింది. బతికొచ్చిన ప్రతిసారీ మళ్లీ వంగాడు. “కొట్టన్నా, వాడు చస్తేనే తలుపు తెరుచుకునేది,” అన్నాడు హెడ్‌సెట్‌లో వాంకూవర్ నుంచి జట్టు మిత్రుడు ఫణీంద్ర. “వయసులో పెద్దాయన. మనమే ముందు చెయ్యెత్తితే ఏం బాగుంటుంది?” “ఆ పెద్దాయనే నిన్ను ఆరుసార్లు చంపాడు. ఇంకోసారి చచ్చావంటే నేను వేరే టీమ్‌లో జాయిన్ అయిపోతా. ఇంతకీ గేమ్ ఎలా ఉంది?” “గ్రాఫిక్స్ బాగున్నాయి. మర్యాదే తగ్గింది. మొదటి భాగంలో ముసలాళ్లు తిరిగి నమస్కారం పెట్టేవాళ్లు,” అంటూ మహీధర్ మళ్లీ వంగబోయాడు. వెనక నిలబడి చూస్తున్న భార్య సుప్రజ చేతిలోని గరిటె అతనికిచ్చి, అతన్ని లేపి, కుర్చీలో కూర్చుంది. తెర మీది ముసలాయన్ని ఒకసారి తేరిపార చూసింది. “ఏమనుకోకండి మామయ్యగారూ,” అంది. మూడు దెబ్బలకు తలుపు తెరుచుకుంది.