ఆవు పట్టేంత సందు

మా పెద్దమ్మ పోయింది. సోమవారం పొద్దున ఆవు ఆగకుండా అరుస్తుంటే, ఇంకా పాలు పిండలేదేమిటా అని పక్కింట్లోంచి నేనే వెళ్ళి చూశాను. వెనక అరుగు మీద, కొండకేసి తిరిగి, గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. పక్కన కడిగిన చెంబు బోర్లించి ఉంది. భుజం మీద చెయ్యి వేసి పిలిచాను. ఒళ్ళు చల్లగా తగిలింది. ఇంకేం చెప్పను!

మాది తమక ఊరికి అవతల, కొండ అడుగున ఒక వీధి. పెద్దమ్మా పెద్దనాన్నా పుట్టి పెరిగింది ఇక్కడ కాదు. ఆయన చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గనిలోకి దిగేవాడు. అక్కడి గని కూలీల లైను ఇళ్ళలో ఇంటికీ ఇంటికీ మధ్య ఉండేది వెదురు తడికే. గని మూసేశాక వచ్చిన కాస్త డబ్బుతో ఈ ఇల్లు కొన్నారు. "ఇన్నేండ్లు భూమి కింద ఉండినాను, ఇంగ కొండ చూస్తా కూసుంటాను" అన్నాడట పెద్దనాన్న. అన్నట్టే దగ్గుకుంటూ, ఆ అరుగు మీదే కొండను చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పెద్దమ్మకు మిగిలింది ఆవు. దాని పాలతోనే బతికింది.

నేను ఆమె చెల్లెలి కూతుర్ని. ఈ వీధి సంబంధం చూసి నన్ను ఇక్కడికి కోడలిగా తెచ్చింది కూడా ఆమే. అందుకే మా ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా ముందు ఆమెను దులిపేసేదాన్ని. నవ్వేది. "నేను మొగున్నే గదమ్మీ చూపించినాను, వాని బుద్ధిని గూడా నేనే చేసినానా?" అనేది.

కొన్నేళ్ళ కిందట మా ఇళ్ళ వెనక లేఅవుటు పడింది. జేసీబీలు వచ్చి సీతాఫలం చెట్లను వేళ్ళతో సహా పెకలించాయి. గుండురాళ్ళను పగలగొట్టారు. బెంగళూరు నుంచి కార్లలో వచ్చినవాళ్ళు కొండ వైపు వేళ్ళు చూపించి ఫోటోలు తీసుకున్నారు. వీధంతా భగ్గుమంది. అందరికంటే ఎక్కువ మండిపడింది నేనే, అందులో దాపరికం లేదు. మా బోరులో నీళ్ళు అడుగంటుతుంటే వాళ్ళ బోర్డు మీద ఈతకొలను బొమ్మ! ఒళ్ళు మండదా?

పెద్దమ్మ మాత్రం తిట్టనిచ్చేది కాదు. "నీళ్ళ గురించి అడుగుదాం. అడగాల్సిందే. మనుషుల్ని ఎందుకు తిడతావు? మీ పెదనాయన గూడా కొండ చూసేకే గదా వచ్చినాడు. మేము వచ్చినప్పుడు ఈ వీధోళ్ళు ఏమన్నారో తెలుసునా? మైన్సోళ్ళు వచ్చినారు, బిందెలు జాగ్రత్త అన్నారు. వాళ్ళు చూస్తే కొండ అరిగిపోతాదా?"

అంతలోనే కొండ వైపు తప్ప లేఅవుటు చుట్టూ గోడ లేచింది. మా పెరళ్ళ వెనక నుంచి కొండకు పోయే దోవకు అడ్డంగా, తలెత్తి చూసేంత గోడ. ఆ దోవనే ఆడవాళ్ళం పుల్లలకు పోయేవాళ్ళం, ఆ దోవనే పెద్దమ్మ ఆవు మేతకు పోయేది. చుట్టూ తిప్పి తోలుకుపోవాలంటే ఆమె మోకాళ్ళు మొరాయించేవి. కొనుక్కొచ్చి మేపే తాహతు లేదు. ఆవును అమ్మేయక తప్పదనుకున్నాం, బేరగాడు వచ్చి పళ్ళు చూసి పోయాడు కూడా. ఆ రోజు పెద్దమ్మ అన్నం ముట్టలేదు. సాయంత్రం పెరట్లోకి పోయి ఆ గోడను వేలి కణుపులతో తట్టి చూసింది. "ఇంత గట్టి గోడ కట్టుకోని వీళ్ళకు నిద్దర ఎట్ల పడతాదో! లైన్లో పక్కింటాయప్ప గురక వినిపిస్తేనే మాకు నిద్దర" అంది.

బేరగాడు మళ్ళీ రాకముందే, లేఅవుటులో మొదటి ఇంటివాళ్ళు, మొగుడూ పెళ్ళామూ, మా వీధికి వచ్చారు. గృహప్రవేశానికి ఆవు కావాలట. కొత్త ఇంట్లోకి ముందు ఆవు అడుగుపెట్టాలి కదా! వీధిలో ఎవరూ మొహం ఇవ్వలేదు. నేనైతే "మీ ఈతకొలనులో ఎనుము దొరకలేదా?" అనేశాను. పెద్దమ్మ నన్ను కసిరి, వాళ్ళకు మజ్జిగ ఇచ్చింది.

"ఆవును ఇస్తానప్పా. మంచి పనికి లేదంటానా? అయితే ఒకటి. అది రోడ్డు మీద నడవదు."

"టెంపో పంపిస్తాం అవ్వా" అన్నాడతను.

"టెంపోలో ఎక్కించేకి అదేమన్నా బీరువానా? పుట్టినప్పటి నుంచి దానికి తెలిసింది ఒకటే దోవ. ఆ దోవలో మీ గోడ ఉండాది."

నేను పైట నోట్లో కుక్కుకున్నాను. ఆ ఆవు రోజూ రోడ్డు మీద బస్‌స్టాండు దాకా పోయి, పండ్ల బండి దగ్గర అరటితొక్కలు తిని, హారన్లు కొట్టినా జరగకుండా రోడ్డు మధ్యలో పడుకునే ఆవు! వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

పంతులు పెట్టిన ముహూర్తం దగ్గర పడుతోంది. ఆ ఇంటామె పట్టుపట్టింది. లేఅవుటు మేనేజరు సణుక్కుంటూనే మేస్త్రీని పంపి, గోడలో సరిగ్గా ఆవు పట్టేంత సందు తీయించాడు. "ఈ ఒక్క పూటకే. రేపే మూసేస్తాం" అన్నాడు.

"అట్లే కానీ అప్పా" అంది పెద్దమ్మ.

పసుపు కుంకుమ పెట్టించుకుని ఆవు దర్జాగా ఆ సందులోంచి పోయింది. కొత్త ఇంట్లో నట్టింట పేడ వేసింది. శుభమన్నారు. ఆ మాట పక్క సైటువాళ్ళ చెవిన పడింది, మాకూ అదే ఆవు కావాలన్నారు. అంతే! మేస్త్రీ మూయడానికి వచ్చినప్పుడల్లా ఎవరిదో ఒకరిది గృహప్రవేశం. ఆవు మేతకు పోతూనే ఉంది, పాలు ఆ ఇళ్ళకూ పోసింది, పెద్దమ్మ వాళ్ళ పిల్లల జలుబులకు కషాయాలు కూడా కాచింది. నాకు ఆ లేఅవుటంటే ఇప్పటికీ కోపమే. మా బోరు ఇంకా కోలుకోలేదు. కానీ మా పెద్దమ్మ గెలిచిన తీరు తలుచుకుంటే నవ్వు ఆగదు.

పోయిన నెల చివరి ఇంటి గృహప్రవేశం కూడా అయిపోయింది. ఆ వారంలోనే సందు పక్కన సిమెంటు ఇటుకలు దించారు. వాటిని చూపించి, "ఇంగ ఏం సాకు చెప్తావు పెద్దమ్మా?" అన్నాను. "చూద్దాంలేమ్మీ" అంది. చూడకుండానే పోయింది.

మా అమ్మ బేతమంగళ నుంచి రావాలని పెద్దమ్మను సాయంత్రం దాకా ఉంచాం. పొద్దున నేనే పాలు పిండి ఆవును వదిలాను, అలవాటు కొద్దీ అది ఒక్కటే కొండకు పోయింది. పొద్దు వాలుతుండగా లేఅవుటువాళ్ళు వచ్చారు. కార్లలో కాదు, ఆ సందులోంచి, ఒకరి వెనక ఒకరుగా. మేనేజరు కూడా వచ్చాడు. నా కళ్ళు ఆ ఇటుకల మీదే ఉన్నాయి.

ఇంతలో మొదటి ఇంటామె కళ్ళు తుడుచుకుంటూ కొండ వైపు చూసింది. సందు దగ్గర గుంపుగా నిలబడ్డ తనవాళ్ళకేసి తిరిగింది.

"జరగండి. ఆ ఇటుకలు గూడా పక్కకు తీసేయండి. ఆవు వచ్చే వేళయింది" అంది.

ఇటుకలు తీశారు, మేనేజరు కూడా ఒక చెయ్యి వేశాడు. అందరూ గోడకు అంటుకుని దారి ఇచ్చారు. ఆవు నిదానంగా సందు దాటి పెరట్లోకి వచ్చింది. ఎప్పటిలాగే వెనక అరుగు దగ్గర ఆగి, బోర్లించిన చెంబును వాసన చూసింది.