మా బావగారి వాకౌట్లు

మా బావగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఉన్నట్టుండి లేచి వెళ్లిపోవడం.

పార్లమెంటు సభ్యులన్నాక అప్పుడప్పుడూ వాకౌట్ చేస్తారు, అందులో వింతేమీ లేదు. మా బావగారు మాత్రం ఎక్కడ కూర్చోబెట్టినా వాకౌట్ చేస్తారు. సభైనా సరే, సినిమా హాలైనా సరే, పళ్ల డాక్టరు కుర్చీ అయినా సరే. నేను ఆయనకు బావమరిదిని, పైగా కార్యదర్శిని. కార్యదర్శి అంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. ఆయన వదిలేసి వెళ్లిన ఫైళ్లు, కళ్లజోడు, గొడుగు ఏరుకుని వెనకాల పరిగెత్తడమే నా ఉద్యోగం.

పెళ్లినాడు ఫొటోగ్రాఫరు "కొంచెం నవ్వండి సార్" అన్నాడు. అంతే, బావగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నన్ను నవ్వమని ఆదేశించడానికి నువ్వెవరయ్యా? నిరసనగా వెళుతున్నాను" అని లేచిపోయారు. ఫొటోగ్రాఫరుకు ఆ రోజే ఇంకో పెళ్లుంది, ఆగలేడు. అందుకే ఇప్పటికీ మా వాళ్ల హాల్లో వేలాడే పెళ్లి ఫొటోలో అక్కయ్య పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉంటుంది. చూసినవాళ్లు జాలిపడితే అక్కయ్య ఒప్పుకోదు. "ఆయన పోలికలు భలే వచ్చాయి" అంటుంది.

అక్కయ్య గట్టి మనిషి. ఏడ్చి లాభం లేదని గ్రహించి, ఆ వాకౌట్లను ఇంటి పనులకు మళ్లించుకుంది. భోజనం దగ్గర ఆయన "కూరలో ఉప్పెక్కువైంది, వాకౌట్ చేస్తున్నాను" అని లేస్తే, "వెళ్లండి వెళ్లండి, వచ్చేటప్పుడు పెరట్లో ఆరేసిన బట్టలు పట్రండి" అంటుంది. ఆయన వీధి గుమ్మంలోంచి వెళ్లి, ఇల్లంతా చుట్టి, బట్టల మోపుతో దొడ్డి గుమ్మంలోంచి వచ్చి, మళ్లీ అదే కంచం ముందు కూర్చుంటారు. ఇంట్లో పాలు అయిపోతే చాలు, అక్కయ్య కావాలనే ఉప్పు ఒక చెంచా ఎక్కువ వేస్తుంది.

ఒకసారి క్షవరం చేస్తూ చేస్తూ మంగలి అధికారపక్షాన్ని మెచ్చుకున్నాడు. బావగారు మెడలో తుండుతో సహా బయటికి నడిచారు. కుడివైపు మీసం ఉంది, ఎడమవైపు లేదు. ఆ అవతారంతోనే ఆ రోజు సభకు వచ్చారు. "గౌరవ సభ్యులు ఏ పక్షం?" అని అధికారపక్షంలో ఒకాయన అడిగితే, "మీసమున్న పక్షం" అన్నారు. అని, ఆ ప్రశ్నకు నిరసనగా వెళ్లిపోయారు.

సభలో ఆయన లేవడానికి ఒక పద్ధతుంది. ముందు కళ్లజోడు మడుస్తారు. గొంతు సవరించుకుంటారు. "అధ్యక్షా! తీవ్ర నిరసన తెలియజేస్తూ..." అనగానే గుమ్మం దగ్గర మార్షల్ తలుపు తీసి పట్టుకుంటాడు.

"దేనికి నిరసన?" అంటారు స్పీకరు గారు.

"బయటికెళ్లి చెబుతాను అధ్యక్షా!"

బయటికెళితే క్యాంటీను, క్యాంటీనులో టీ. ఒకసారి ప్రభుత్వం మంచి బిల్లొకటి తెచ్చింది. బావగారు దాన్ని మెచ్చుకుని, ఓటేసి, "హర్షం వ్యక్తం చేస్తూ వాకౌట్ చేస్తున్నాను" అన్నారు. ఆ రోజు స్పీకరు గారు కూడా కాసేపు తల పట్టుకున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. అది మెట్ల బిల్లు ఓటింగు రోజు.

దేశంలో మెట్లు ఎక్కేవాళ్లు ఎడమపక్కన ఎక్కాలి, దిగేవాళ్లు కుడిపక్కన దిగాలి అని ప్రభుత్వం బిల్లు పెట్టింది. కాదు, దీనికి తలకిందులుగా ఉండాలని మా పక్షం సవరణ. నవ్వకండి. ఆ బిల్లు కోసం కొట్టుకోని ఇల్లు లేదు. పార్లమెంటు మెట్ల మీద రెండు పక్షాల వాళ్లూ ఎదురెదురుపడి, ఎవరూ పక్కకు తప్పుకోక, భోజనవేళ దాకా నిలబడిపోయిన రోజులున్నాయి. ఎన్ని లెక్కలేసినా ప్రభుత్వానికి ఒకే ఒక్క ఓటు ఆధిక్యం. ఓడితే గద్దె దిగాల్సిందే.

ఆ ఉదయం మా పార్టీ నాయకుడు బావగారిని పిలిచి చేతులు జోడించాడు. "అయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు కుర్చీకి అతుక్కుని కూర్చో. లేచావో, పార్టీలోంచి శాశ్వతంగా వాకౌటే!"

నమ్మకం చాలక ఆయనకు చెరోపక్క మంచి బరువైన సభ్యుణ్ణి ఒక్కొక్కరిని కూర్చోబెట్టాడు. ఇంతా చేస్తే ప్రశ్నోత్తరాలు సగం కూడా కాకుండానే బావగారు వాళ్లిద్దరి మధ్య నుంచి సబ్బుముక్కలా జారి, మంత్రిగారి జవాబు మరీ చిన్నదిగా ఉందని నిరసన తెలిపి, క్యాంటీనుకు వచ్చేశారు. ఓటింగుకు ఇంకా టైముంది కదా అని నేనూ వెంట వెళ్లాను.

పక్క బల్ల దగ్గర అధికారపక్షం విప్ కూర్చుని ఉన్నాడు. తమ సభ్యులు ఒక్కరు కూడా తప్పిపోకుండా ఓటింగుకు తోలుకెళ్లడం ఆయన పని. ఎదురుగా వాళ్ల కొత్త సభ్యుడు నిలబడి ఉన్నాడు. రాజకీయాల్లోకి రాకముందు బళ్లో లెక్కలు చెప్పేవాడు కాబట్టి అందరూ మాస్టారు అంటారు.

"మా అమ్మాయికి కడుపులో పేగు వాచిందండీ. వెంటనే ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. అది మంచం ఊచలు పట్టుకుని, నాన్న వస్తేనే మత్తు సూది వేయించుకుంటానని కూర్చుందట. డాక్టరు దగ్గరికొస్తే కరుస్తోందట. ఆలస్యమైతే ప్రమాదమంటున్నారు. ఒక్కసారి వెళ్లొస్తాను."

"వెళితే ప్రభుత్వం కూలుద్ది మాస్టారూ!"

"అటువైపు ఎవరినైనా ఒకరిని తగ్గించమని అడగండి. సమానంగా పోతుంది కదా. ఇలాంటి కష్టమొస్తే వెనకటి నుంచీ అలాగే సర్దుకునేవారటగా?"

"ఆ సర్దుబాట్లన్నీ ఈ మెట్ల గొడవతో రద్దయిపోయాయి. మీకు సాయం చేసినవాణ్ణి వాళ్ల నాయకుడు పార్టీలో ఉంచుతాడా? ఎవడు ముందుకొస్తాడు చెప్పండి? ఓటేసి పరిగెత్తండి."

"అప్పటికి..." అన్నాడు మాస్టారు.

బావగారు మాత్రం టీ ఊదుకుంటూ కిటికీలోంచి చూస్తున్నారు. ఇంత రాతి మనిషా అని కోపమొచ్చింది నాకు. ఇంతలో ఆయన కప్పు ఠక్కున పెట్టి లేచారు.

"టీ మరీ వేడిగా ఉంది. నిరసనగా వాకౌట్ చేస్తున్నాను" అని క్యాంటీనులోంచి బయటపడి తిన్నగా సభలోకి వెళ్లారు. సభలోకి వాకౌట్ చేసిన మనిషిని చరిత్రలో నేను ఆయన్నే చూశాను.

నేను పైన సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. ప్రసంగాలు ముగిశాయి. ఓటింగు గంట మోగడం మొదలైంది. ఆ గంట ఆగితే తలుపులు మూసేస్తారు, ఆపైన ఎవరూ లోపలికి రావడానికి లేదు, బయటికి పోవడానికి లేదు. మాస్టారు తన కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు.

బావగారు కళ్లజోడు మడిచారు.

"వద్దు!" అని మా నాయకుడు ముందు వరసలోంచి కేక వేశాడు.

"అధ్యక్షా! నా కుర్చీ కిర్రుమంటోంది!"

"కూర్చోండి, కూర్చోండి" అన్నారు స్పీకరు గారు.

"కూర్చుంటేనే కిర్రుమంటోంది అధ్యక్షా! ప్రతిపక్షం కుర్చీలే ఎందుకు కిర్రుమనాలి? ఇది ప్రజాస్వామ్యం గొంతు నొక్కడం కాదా?"

"నూనె నేను పోయిస్తాను, నా సొంత డబ్బుతో పోయిస్తాను, కూర్చోవయ్యా!" అన్నాడు నాయకుడు. పక్కనున్న బరువైన సభ్యులిద్దరూ చొక్కా పట్టుకున్నారు. చొక్కా గుండీలు తెగాయి గాని మనిషి ఆగలేదు.

"హామీలతో నన్ను కొనలేరు!" అంటూ ఆయన నడవాలోకి వచ్చేశారు. రోజూ అయితే తిన్నగా తలుపు దాకా పోతారు. ఆ రోజు మాత్రం అధికారపక్షం విప్ దగ్గర ఆగి, ఆయన ముఖంలో ముఖం పెట్టి గట్టిగా అరిచారు. "చూస్తారేమిటి? మావైపు ఒక ఓటు పోయింది! ఇక సంతోషమేనా? చెప్పండి, సంతోషమేనా?"

విప్ నోరు తెరిచాడు. మావైపు చూశాడు. బావగారి ఖాళీ కుర్చీ చూశాడు. అప్పుడు వెలిగింది ఆయనకు. గబగబా వెనక్కి తిరిగి మాస్టారికి చెయ్యి ఊపాడు. మాస్టారు లేచి ఒకటే పరుగు. మూసుకోబోతున్న తలుపులోంచి ఇద్దరూ ఒకేసారి బయటపడ్డారు. మెట్ల మీద మాస్టారు ఏ పక్కన దిగాడో ఎవరూ చూడలేదు.

బిల్లు నెగ్గింది, అదే ఒక్క ఓటు తేడాతో.

సాయంత్రం కారులో నేను బావగారికి ముఖం చాటేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పార్టీలోంచి పంపేస్తే నా ఉద్యోగం గతేమిటని నా ఏడుపు నాది. కారు ఇంటికి పోకుండా ఆసుపత్రి ముందు ఆగింది.

"వెళ్లి ఆ పిల్లకెలా ఉందో కనుక్కురా. నా పేరు ఎత్తకు" అన్నారు.

అప్పటికి గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు. వెళ్లి కనుక్కుని వచ్చాను. ఆపరేషన్ అయిపోయింది. పిల్ల కళ్లు తెరిచి, తనను అడక్కుండా కోశారని డాక్టరుతో పోట్లాడుతోంది.

"మనలో మనిషే" అన్నారు బావగారు, ముఖం చేటంత చేసుకుని.

"అయితే ఇన్నేళ్ల వాకౌట్లూ ఇందుకేనా బావగారూ?"

"ఛ, అవన్నీ నిజమైనవే. ఇవాళ కుర్చీ కూడా నిజంగానే కిర్రుమంది" అన్నారు. మళ్లీ ఆయనే, "రోజూ వెళ్లేవాడు ఒకరోజు ఎందుకు వెళ్లాడని ఎవరూ అడగరు కదా" అన్నారు. నాకు ఆయన మీద అంత ప్రేమ పుట్టడం అదే మొదలు. ఆ పూట పార్టీ, ఉద్యోగం అన్నీ మర్చిపోయాను.

మర్నాడు సభలో మా నాయకుడి చూపులు వేరేగా ఉన్నాయి. ఇటు ఒకడు, అటు ఒకడు ఒకేసారి ఎలా వెళ్లారని పత్రికలు గుసగుసలు మొదలెట్టాయి. కుమ్మక్కు అని తేలితే బావగారి పని అయిపోయినట్టే. సరిగ్గా అప్పుడే మాస్టారు లేచి నిలబడ్డాడు. ఈ అమాయకుడు ఇప్పుడు నిండు సభలో కృతజ్ఞతలు చెప్పి మా కొంప ముంచుతాడు!

"అధ్యక్షా!" అన్నాడు మాస్టారు. వేలు మా బావగారి వైపు చూపించాడు. "నిన్న ఓటింగు వేళ ఆయన చేసిన పని ఈ సభకే సిగ్గుచేటు! అంత బాధ్యతలేని మనిషిని నేను నా జన్మలో చూడలేదు! నేనే కాదు, నా భార్య, నా కూతురు, మా ఇంటిల్లిపాదీ ఆయన్ని రోజూ తలుచుకుని తిట్టుకుంటాం!" అంటూ జేబురుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"మా సభ్యుణ్ణి అంత మాటంటారా!" అని మా నాయకుడు బల్ల గుద్ది లేచాడు. మావాళ్లంతా లేచారు. బావగారిని వెనకేసుకొచ్చినవాళ్లలో ఆ బరువైన సభ్యులిద్దరే ముందున్నారు. కుమ్మక్కు మాట గాలికి పోయింది. స్పీకరు గారు సుత్తి కొడుతూ, "మాస్టారూ, ఇక చాలు, కూర్చోండి" అంటున్నారు.

బావగారు లేచారు. మార్షల్ తలుపు తీసి పట్టుకున్నాడు.

"అధ్యక్షా, ఆయన్ని ఆపకండి" అన్నారు బావగారు, మళ్లీ హాయిగా కూర్చుంటూ. "చాలా బాగా తిడుతున్నారు. నేనెక్కడికీ వెళ్లను. పూర్తిగా తిట్టనివ్వండి!"