వేళ్లు కదిలితే కవరేజ్ లేదన్నారు

నిన్న పొద్దున ప్రసాద్ బావ ఫోన్ చేసి "అక్క పోయిందిరా" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. నిజంగానే అడిగాను.

సలోమి అక్క అయివుంటుందని ఎలా అనుకుంటాను? మొన్న ఆదివారమే కదా, చెన్నై రివ్యూకి ఏ చీర కట్టుకోవాలో అడిగింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సలోమి అక్క మా పెద్దమ్మ కూతురు, ప్రసాద్ బావ భార్య. బోగోలు దగ్గర రొయ్యల ప్లాంట్‌లో పనిచేసేది. రెండేళ్ల కిందట ఐసు మిషన్‌లో కుడిచెయ్యి ఇరుక్కుంది. మోచేతి కింద నుంచి తీసేశారు.

చెన్నైకి తీసుకెళ్లింది నేనే. అక్కడొక సెంటర్‌లో బ్యాటరీతో నడిచే చెయ్యి ట్రయల్‌కి పెట్టారు. మిగిలిన కండరం బిగిస్తే వేళ్లు ముడుచుకుంటాయి. ఇంకో కండరం బిగిస్తే తెరుచుకుంటాయి.

అక్క దాంతో మొదట పట్టుకున్నది నా చెయ్యే.

పట్టుకుంది గానీ వదలడం రాలేదు. "వదిలేది యెట్లరా" అని ఒకటే నవ్వు. టెక్నీషియన్ వచ్చి విడిపించేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. యాక్సిడెంట్ తర్వాత అక్క అంతగా నవ్వడం చూసింది ఆ రోజే.

ఆ చెయ్యి వస్తే మళ్లీ ప్లాంట్‌లో రొయ్యల్ని సైజులవారీగా వేరుచేసే గ్రేడింగ్ టేబుల్ దగ్గరికి పోతాననేది. బస్సులో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో టికెట్ తీసుకుంటాననేది.

కొనే స్తోమత మాకు లేదు. ప్లాంట్ తరఫున మెడికల్ పాలసీ ఉంది కదా అని ఇన్సూరెన్స్ వాళ్లకి ఎస్టిమేట్ పెట్టాం.

చెయ్యికి కవరేజ్ ఉందన్నారు. వేళ్లు కదిలితే లేదన్నారు.

మోటారు, బ్యాటరీ, ట్రైనింగ్ అన్నీ కొట్టేసి, చూడ్డానికి చెయ్యిలా ఉండే రబ్బరు చెయ్యి మాత్రం శాంక్షన్ చేశారు.

అప్పీల్ చేశాం. వాళ్లు పంపిన డాక్టరు ఇంటికొచ్చి, రోజూ పనులు ఎలా చేసుకుంటున్నారని అడిగారు. అక్క చేసి చూపించింది. రొయ్యను పీటకి అదిమిపెట్టి ఒంటిచేత్తో ఒలిచింది. పళ్లతో పట్టి జడకి బ్యాండు వేసుకుంది. ఇంటికొచ్చిన మనిషి కదా అని టీ పెట్టి ఇచ్చింది. ఆయన చాలా మెచ్చుకుని వెళ్లారు.

తర్వాత జవాబొచ్చింది. పేషెంట్ తన పనులు తానే చేసుకోగలుగుతున్నారు కాబట్టి మోటారు చెయ్యి అవసరం లేదట.



"చేతగానిదాని మాదిరి కూర్చోవాల్సిందిరా. టీ పెట్టినాను చూడు" అంది అక్క.

మళ్లీ అప్పీల్ చేశాం. కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే చెన్నైలో ఇంకోసారి చూసి తేల్చే రివ్యూకి ఒప్పుకున్నారు. "ఇచ్చిన చెయ్యే వాడనివాళ్లు ఖరీదైనది మాత్రం ఏం వాడతారు" అని రివ్యూలో అంటారని ఇన్సూరెన్స్ హెల్ప్ డెస్క్‌లో ఎవరో అక్కకి చెప్పారు. అప్పట్నుంచి రబ్బరు చెయ్యి పొద్దున తొడిగితే పడుకునేదాకా తీసేది కాదు.

మన ఎండలు, ఆ చెమట. పైగా అక్కకి షుగర్. లోపల చర్మం ఒరుసుకుని పుండు పడింది.

పుండు ఉందంటే కొత్త చెయ్యికి ఫిట్ కాదని రాసేస్తారు. అది అక్కకి తెలుసు. అందుకే ఎవరికీ చూపించలేదు. బావకి కూడా.

జ్వరం వస్తే టాబ్లెట్ వేసుకుంది. మొన్న కళ్లు తిరిగి పడిపోతే కావలి తీసుకెళ్లారు, అక్కడి నుంచి నెల్లూరు. రబ్బరు చెయ్యి తీసి, లోపల చుట్టుకున్న గుడ్డ విప్పేసరికి భుజం దాకా వాచి ఉందట. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోయిందన్నారు.

ఐసీయూలోకి తీసుకెళ్లే ముందు బావ చెయ్యి పట్టుకుని ఒకే మాట అంది.

"ఇన్సూరెన్సోళ్లకి తెలియనీబాకయ్యా."

ఇంటికొచ్చిన ప్రతివాళ్లతో బావ అదే చెబుతున్నాడు. నేను చెప్పలేదు, ఎవురికీ చెప్పలేదు అంటున్నాడు.

ఈ రోజు అక్కకి మట్టి ఇచ్చి వచ్చాం.

ఇది చదివేవాళ్ల ఇళ్లలో ఎవరైనా ఇలాంటి చెయ్యిగానీ కాలుగానీ వాడుతుంటే, ఇప్పుడే తీయించి లోపల చూడండి. కాస్త ఎర్రబడినా డాక్టరుకి చూపించండి. క్లెయిమ్ పోతే పోనీ. మీకు దండం పెడతాను.

సలోమి అక్కా, నొప్పి దాచుకోవాల్సిన పని ఇక లేదు నీకు. ప్రభువు దగ్గర నెమ్మదిగా నిద్రపో.