రుచి చూసే పిల్ల

ఆ రోజు కల్సోమ్ చేయవలసిన పని ఒక్కటే. సాయంత్రం అల్లుడు వచ్చే వేళకి ఇంట్లో ఏ తప్పూ జరగకుండా చూసుకోవడం.

అల్లుడి పేరు రుస్లాన్. క్లాంగ్‌ పట్నంలో ఫ్యాక్టరీ ఉద్యోగం. కల్సోమ్ కూతురు హస్నీ రెండేళ్ళ కిందట డెంగీ జ్వరంతో పోతే, ఇద్దరు ఆడపిల్లల్నీ మలేసియాలో పెరాక్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. పెద్దది ఉమైరాకి ఇప్పుడు ఆరేళ్ళు, చిన్నది ఔనీకి నాలుగు. ఇద్దరూ అమ్మమ్మని ఓపా అని పిలుస్తారు. ఈ మధ్యనే అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వారం కిందట ఫోన్ చేసి చెప్పాడు.

"అమ్మా, ఆదివారం ఇఫ్తారుకి వస్తాను. ఇంట్లో అంతా సవ్యంగా ఉంటే పిల్లలు మీ దగ్గరే ఉంటారు. లేదంటే పండగ దాకా ఆగను, ఆ రాత్రే తీసుకుపోతాను. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అని అల్లుడు అన్నాక అత్తగారు అనుకోవడానికి ఏమీ మిగలదు.

అతను అంత మాట ఎందుకన్నాడో కల్సోమ్‌కి తెలుసు. ఈ మధ్య ఆమె మతి నిలకడగా ఉండటం లేదు. పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చింది. ఒక మధ్యాహ్నం ఉమైరాను తీసుకురావడానికి బాలవాడికి వెళ్ళబోయి, తను ఒకప్పుడు క్యాంటీన్‌లో పనిచేసిన పెద్దబడికి వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. వాన కురుస్తున్నా కదలలేదు. ఎవరో గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చారు. ఊరు మంచిదే. చెయ్యి పట్టుకుని ఇంటికి తెస్తుంది, దించి వెళ్ళేటప్పుడు దారి పొడుగునా ఆ సంగతి చెప్పుకుంటూ పోతుంది.

సగం జీవితం ఆ క్యాంటీన్‌లోనే గడిచింది ఆమెకి. తెల్లవారకముందే వెళ్ళి కొబ్బరిపాల అన్నం వండేది, నూడుల్స్ వేయించేది. మొగుడు రబ్బరు చెట్లు గీసేవాడు, దగ్గుతో మంచాన పడి పోయాడు. ఒక్కగానొక్క కూతుర్ని చదివించి పెళ్ళి చేసింది. ఆ కూతుర్ని ఒక దోమ తీసుకుపోయింది. ఇంత జరిగినా పొయ్యి ముందు నిలబడగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఇప్పుడు ఆ చేతులే తప్పుతున్నాయి. మొగుడు పోయినప్పుడూ, కూతురు పోయినప్పుడూ ఇంత భయపడలేదు. అప్పుడు ఏడవడానికి తనంటూ ఒక మనిషి ఉంది.

పండుగ బిస్కెట్లు చేయాలన్నది ఆమె ఆలోచనే. రంజాన్ చివరి వారంలో తల్లీకూతుళ్ళు కూర్చుని పువ్వు బిస్కెట్లు చేసేవారు. రుస్లాన్ పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు వాటినే గుప్పిళ్ళతో తిన్నాడు. ఈ సాయంత్రం అతను లోపలికి రాగానే బల్ల మీద గాజు సీసాల నిండా బిస్కెట్లు కనిపించాలి. పక్కన తలలు దువ్వుకున్న పిల్లలు కూర్చుని ఉండాలి. చూసినవాడు ఇంకేం మాట్లాడతాడు?

నెయ్యి, వెన్న కలిపి నురగ వచ్చేదాకా గిలకొట్టింది. గుడ్డు సొన వేసింది, కస్టర్డ్ పొడి వేసింది, మైదా జల్లించి పోసింది. పిండి చేతికి మెత్తగా, చల్లగా తగిలింది. బాగా వచ్చిందనుకుంది. కానీ ఉపవాసంలో ఉన్న మనిషి రుచి చూడటానికి లేదు. నాలుక కొసన పెట్టుకుని ఉమ్మేస్తే తప్పులేదని మసీదులో పెద్దాయన చెప్పాడు. అయినా ఆమె ఏనాడూ ఆ పని చేయలేదు. ఇన్నేళ్ళూ ఆమె చేతికి నాలుకతో అవసరం రాలేదు.

"ఉమైరా, ఇలా రా. ఇది కాస్త నోట్లో వేసుకుని చెప్పు."

ఉమైరాకి ఇంకా ఉపవాసం ఉండే వయసు రాలేదు. వేలితో కాస్త పిండి తీసుకుని చప్పరించి, ముఖం పక్కకి తిప్పింది.

"ఓపా... తీపి లేదు."

కల్సోమ్ అటక వైపు చూసింది. పంచదార పొడి పొట్లం కట్టిన దారంతో అలాగే ఉంది. తీయనే లేదు. ఆమె నేల మీద కూలబడింది. 

"పర్లేదు ఓపా. ఇప్పుడు వేస్తే సరి."

"వేస్తాను. నాన్నకి చెప్పకేం, బంగారం."

"చెప్పను."

"ఎవరికీ చెప్పకు."

"ఎవరికీ చెప్పను. గ్యాస్ సంగతి కూడా చెప్పలేదుగా."

"గ్యాస్ సంగతేంటే?"

పిల్ల నేల చూపులు చూసింది. "ఏం లేదు."

కల్సోమ్ మళ్ళీ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

పంచదార కలిపాక పిండిని ఇత్తడి గొట్టంలో కూరి నొక్కింది. పళ్ళెం మీద పసుపుపచ్చ పువ్వులు ఒక్కొక్కటే విచ్చుకుంటూ దిగాయి. పిల్లల పని అప్పుడు మొదలైంది. సన్నగా తరిగిన ఎర్ర చెర్రీ ముక్కల్ని ఒక్కో పువ్వు మధ్యన అద్దాలి. ఉమైరా నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా నడిమధ్య చూసి పెడుతోంది. ఔనీకి అంత ఓపిక లేదు.

"ఒక్కటే పెట్టవే. పువ్వుకి ఒక్కటే."

"దీనికి రెండు. ఇవి కళ్ళు."

"పువ్వుకి కళ్ళుంటాయా?"

"మరి ఎలా చూస్తుందీ?"

"పువ్వెందుకు చూడాలే, మొద్దూ!"

"ఎవరు తింటున్నారో చూడద్దా?"

కల్సోమ్ పెద్దగా నవ్వింది. ఆ ఇంట్లో అలా నవ్వు వినిపించి చాలా రోజులైంది.

"ఇక్కడ చెర్రీ కుప్ప సగమైందేంటి?" అంది ఉమైరా. "నోరు తెరువు."

"నోట్లో ఏం లేదు." ఔనీ నోరు బార్లా తెరిచి చూపించింది. "పొట్టలో ఉంది."

మొదటి పళ్ళాలు ఓవెన్‌లో నుంచి బంగారు రంగులో వచ్చాయి. ఉమైరా ఒకటి కొరికి కళ్ళు మూసుకుంది. ఔనీ మూడు తిని నాలుగోది గౌనులో దాచుకుంది. కల్సోమ్‌కి గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఒక సీసా నిండింది. ఇంకో విడత చేస్తే రెండోదీ నిండుతుంది. అక్కడితో ఆపినా సరిపోయేది.

అప్పుడే పక్కింటి పీయా కిటికీలోంచి తల పెట్టింది.

"సోమక్కా! నెయ్యి వాసన మా ఇంటిదాకా వచ్చింది. మొన్న అన్నం మాడిన వాసనా వచ్చిందిలే. ఇదే నయం."

"వాసన చూస్తే ఉపవాసం పోదులే పీయా. చూసింది ఊరంతా మోస్తేనే పోతుంది."

"నేనెక్కడ మోశాను? నీ అల్లుడే ఫోన్ చేసి అడిగాడు. రంజాన్ నెలలో అబద్ధం ఆడమంటావా ఏంటి?"

"మిగతా నెలల్లో ఆడవుగా, పాపం."

"నీ మంచికే చెప్పానక్కా. చిన్నపిల్లలు. రేపేదైనా అయితే ఎవరిది పూచీ? బడి గేటు దగ్గర వానలో నిన్ను చూసినప్పుడు నా కడుపు తరుక్కుపోయింది." అలా అంటూనే వంటిల్లంతా కళ్ళతో ఊడ్చేసింది. "సరేలే, బిస్కెట్లు బాగున్నాయి. ఆ కళ్ళు పెట్టినవి ఏంటవి, దయ్యాలా?"

"పువ్వులు," అంది ఔనీ కోపంగా.

పీయా వెళ్ళిపోయింది. ఆమె అన్న మాటలు మాత్రం వంటింట్లోనే ఉండిపోయాయి. కల్సోమ్ రెండో విడతకి వెన్న గిలకొడుతూనే మనసులో పీయాకి జవాబులు చెబుతోంది. అన్నీ పదునైన జవాబులే. ఈసారి పంచదార మరవకూడదు, మరవకూడదు అని పైకే అనుకుంది. అటక మీది డబ్బా దించి, కప్పు నిండా కొలిచి పోసింది. మరవలేదు. ఆ సంతోషంలో పిండి కలిపి ఉమైరా వైపు చెయ్యి చాపింది.

"చూడు. ఈసారి చెప్పు."

ఉమైరా వేలు నోట్లో పెట్టుకుంది. దాని ముఖంలో ఏదీ కదలలేదు. ఆరేళ్ళ పిల్ల ముఖం అంత నిశ్చలంగా ఉండకూడదు.

"బాగుంది ఓపా."

"తీపి సరిపోయిందా?"

"చాలా తీపి."

ఆ మాట అనేసి పిల్ల పెరట్లోకి నడిచింది. పరుగెత్తలేదు, మామూలుగానే నడిచింది. కుళాయి తిప్పిన చప్పుడు, పుక్కిలించి ఉమ్మిన చప్పుడు వినిపించాయి.

"ఏమైందే?"

"దాహం వేసింది."

కల్సోమ్ డబ్బా వైపు చూడవచ్చు. రెండడుగులు వేస్తే చాలు. కళ్ళలో పొర ఉన్నా, చేతిలో పోసుకుని చూస్తే తెలుస్తుంది. ఆమె చూడలేదు. బాగుందని పిల్ల చెప్పింది కదా. ఆ మాటను నమ్మాలనుకుంది, నమ్మింది. గొట్టం నొక్కింది. పువ్వులు దిగాయి. ఔనీ వాటన్నిటికీ రెండేసి కళ్ళు పెట్టింది. ఉమైరా ఈసారి చెల్లెల్ని ఏమీ అనలేదు.

రుస్లాన్ పొద్దు వాలేవేళకి వచ్చాడు. ఔనీ కాళ్ళకి చుట్టుకుంది. అతను చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఊడ్చిన నేల, ఉతికిన కర్టెన్లు, నూనె రాసి దువ్విన పిల్లల తలలు, నిండుగా ఉన్న సీసాలు చూశాడు. అతని భుజాలు కొంచెం సడలాయి. దుర్మార్గుడు కాదు. రాత్రంతా మిషన్ల మధ్య నిలబడే మనిషి.

"ఇల్లు బాగుందమ్మా," అన్నాడు. "నేను... ఫోనులో కాస్త గట్టిగా మాట్లాడాను."

"పిల్లల తండ్రివి. మాట్లాడకపోతే ఎలా బాబూ."

అజాన్ వినిపించింది. ఖర్జూరం, నీళ్ళు, తరవాత అన్నం, చేప కూర. కూరలో ఏ లోపమూ లేదు. రుస్లాన్ రెండోసారి వడ్డించుకున్నాడు. కల్సోమ్ అతను నమిలే ప్రతి ముద్దనీ చూస్తూ కూర్చుంది. గెలిచాననుకుంది.

టీ పెట్టాక ఔనీ ఒక పళ్ళెం మోసుకొచ్చింది. "నాన్నా, ఇవి నేను చేశా. కళ్ళున్నవి."

"ఇవి వద్దు," అని ఉమైరా లేచింది. "మొదటి సీసాలోవి తెస్తాను."

"నావే తినాలి!" ఔనీ గొంతు పెంచింది.

"చిన్నదాని కళ్ళే తింటాను," అని నవ్వుతూ రుస్లాన్ ఒకటి కొరికాడు.

నవ్వు అతని ముఖం మీదే ఆగిపోయింది. రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నీళ్ళు తాగాడు.  కల్సోమ్ ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది. ఉప్పు. నాలుక మంటెత్తే ఉప్పు.

"బాగున్నాయి," అంది ఉమైరా. పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని నమిలింది. మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోది తీసుకుంది. "నాకు ఇలాగే ఇష్టం నాన్నా. ఓపాని నేనే ఇలా చెయ్యమన్నా."

"ఉమైరా, వదిలెయ్."

"బాగున్నాయి."

రుస్లాన్ దాని చేతిలోది లాక్కున్నాడు. ఔనీ కొరికినది నేల మీద ఉమ్మేసింది. "ఛీ, ఉప్పు! అక్కకి ముందే తెలుసు. ఓపా ఏం చేసినా బాగుందనాలి అని చెప్పింది. రోజూ గ్యాస్ కూడా అక్కే కుర్చీ ఎక్కి ఆపుతుంది."

"నోర్ముయ్యవే!" అని ఉమైరా చెల్లెల్ని ఒక్క తోపు తోసింది. ఔనీ ఏడుపు మొదలుపెట్టింది.

రుస్లాన్ అత్తగారి వైపు తిరిగాడు. అరుస్తాడేమో అనుకుందామె. అరిచినా బాగుండేది. అరుపుకి అరుపు చెప్పగలదు.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "మీరు పిల్లల్ని చూసుకోవడం లేదు. ఆ పిల్లే మిమ్మల్ని చూసుకుంటోంది. దానికి ఆరేళ్ళమ్మా."

కల్సోమ్ దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి, వారం రోజులుగా పోగేసుకున్నవి. సవతి తల్లి గురించి, అద్దె ఇంటి గురించి, హస్నీ చివరిసారి ఆస్పత్రిలో తన చెయ్యి పట్టుకుని అన్న మాట గురించి. కానీ కుళాయి దగ్గర పుక్కిలించిన చప్పుడే చెవిలో ఉంది. పిల్ల అబద్ధం ఆడిందని అప్పుడే తనకు తెలుసు. తెలిసీ ఆ అబద్ధం మీద కూర్చుని గెలవాలనుకుంది.

"తీసుకుపో బాబూ," అంది.

ఉమైరా గిరుక్కున తిరిగి అమ్మమ్మ ముఖంలోకి చూసింది. దానికి ఏమీ అర్థం కాలేదు. చెప్పిన పనల్లా చేసిన పిల్లని బడిలోంచి బయటకి నెట్టేస్తే ఎలా చూస్తుందో అలా చూసింది.

"నేను చెప్పలేదుగా ఓపా! నేను ఎవరికీ చెప్పలేదుగా! ఔనీ చెప్పింది. నన్నెందుకు పంపుతావు?"

చెప్పలేదు కాబట్టే తల్లీ, అనాలి. ఆ మాట ఆరేళ్ళ పిల్లకి ఎలా చెప్పాలో కల్సోమ్‌కి తెలియలేదు. దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల చేతులు విదిలించుకుని వెళ్ళి తండ్రి కారు చక్రం పక్కన చతికిలబడింది. అటువైపు వెళ్ళమన్నందుకే ఏడుస్తూ, అటువైపే కూర్చుంది.

రుస్లాన్ వరండాలో నిలబడి భార్యకి ఫోన్ చేసి, పరుపులు వేసి ఉంచమని చెబుతున్నాడు. బట్టలు సర్దాలి కదా అని కల్సోమ్ లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు తెరిచింది. మడతలు పెట్టిన చిన్న చిన్న గౌన్లు కనిపించాయి. వాటి మీద చెయ్యి వేసి నిలబడింది. గది నిశ్శబ్దంగా ఉంది. ఇక్కడికి ఎందుకు వచ్చినట్టు? ఏదో తీయడానికి వచ్చింది. ఏమిటది? ఎవరికోసం?

బయట కారు దగ్గర నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది.