చుట్టాల నీళ్లు

"పాపా, నోరు మూసి నవ్వమ్మా. పళ్లు కనపడితే ఫోటో బాగోదు."

కోదాడ స్టూడియోలో ఫోటోగ్రాఫర్ ఆ మాట అనగానే నేను బిడ్డ దగ్గరికెళ్లి పళ్లు చూశాను. బడి ఫారానికి ఫోటో తీయించడానికి వచ్చాం. ఏడేళ్ల నా బిడ్డకు ముందు పళ్లు అప్పుడే కొత్తగా వచ్చాయి. వాటి మీద సుద్దతో గీసినట్టున్న తెల్లచారలు నేను రోజూ చూస్తూనే ఉన్నాను, సరిగా తోముకోవడం లేదని తిడుతూనే ఉన్నాను. ఆ లైట్ల వెలుగులో చారల మధ్య గోధుమరంగు మరకలు కనిపించాయి.

మర్నాడు సూర్యాపేటలో పళ్ల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం నీళ్లు తాగుతున్నారు?"

"బోరు నీళ్లు సార్."

"ఫ్లోరైడ్. కాచినా పోదు. పళ్లతో ఆగదు, ఎముకల దాకా పోతుంది. నీళ్లు మార్చండి."

ఇంటి దగ్గర నా ఐదేళ్ల కొడుకున్నాడు. వాడికింకా పాలపళ్లే. ఆ రోజు నుంచే పిల్లలిద్దరికీ కోదాడ ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్లు క్యానుల్లో తెప్పించడం మొదలుపెట్టాను.

మా ఊరు నడిగూడెం పక్కన. చుట్టుపక్కల ఊళ్లకు కృష్ణా నీళ్ల పైపు వచ్చింది, మాకు రాలేదు. ఎందుకని పంచాయతీ సెక్రటరీని అడిగాను.

"మీ బోరు నీళ్లు మంచియే అని పెద్ద డాక్టర్లు పరీక్ష చేసి రాసిన్రమ్మా. ఇగ పైపెందుకు?"

"వాళ్లు రాసింది మీరు చదివిన్రా?"

"నేనెందుకు చదువుత? చదివినోళ్లు చెప్పిన్రు."

రెండేళ్ల కిందట ఒక డాక్టర్ల బృందం మా ఊరొచ్చిన మాట నిజమే. పిల్లల మూత్రం, ఇళ్లలోని నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. కోదాడ నెట్ సెంటర్లో వెతికితే వాళ్లు పత్రికలో రాసిన వ్యాసం దొరికింది. పేరు, నాలుగు వాక్యాల సారాంశం కనిపించాయి. మిగతాది చదవాలంటే డాలర్లు కట్టాలట. ఆ నాలుగు వాక్యాల కిందే, ఈ పరిశోధన ప్రభుత్వ నిధులతో జరిగిందని రాసుంది. నాకు ఒళ్లు మండింది.

నేను దూరవిద్యలో ఎమ్మెస్సీ చేసిన యూనివర్సిటీకి మిర్యాలగూడలో చిన్న లైబ్రరీ ఉంది. అక్కడి లైబ్రేరియన్ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

"ఆ పత్రిక మేమూ కొనలేమమ్మా. కానీ ఆ వ్యాసం రాసిన డాక్టరు తన దగ్గరున్న ప్రతి ఇస్తే, మా లైబ్రరీ వెబ్‌సైట్లో అందరికీ ఉచితంగా పెట్టొచ్చు. ఆయన మా యూనివర్సిటీ ఆయనే. అడిగి అడిగి నా నోరు నొస్తోంది, ఒక్కరూ ఇవ్వరు. ఈసారి నువ్వు కూడా రాయి."

రాశాను. 'మూత్రం మా పిల్లలది, నీళ్లు మా ఇంటివి, డబ్బు ప్రజలది. చదివే హక్కు మాకెందుకు లేదు?' మేడమ్ తన ఉత్తరంతో కలిపి పంపింది. మూడు వారాలకు వ్యాసం లైబ్రరీ వెబ్‌సైట్లోకి వచ్చింది.

పట్టికలో మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ హద్దులోపలే ఉంది. పక్క గడిలో పిల్లల మూత్రంలో మాత్రం చాలా ఎక్కువ. కారణం తెలియలేదని, తిండి వల్ల కావచ్చని కింద రాశారు.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఊళ్లో వాళ్లు తిరిగింది మా వీధి ఒక్కటే. చుట్టాలొస్తే పోయడానికని కోదాడ ప్లాంటు నుంచి తెప్పించిన క్యాను ఆ రోజు మా ఇంట్లో ఉంది. అత్తమ్మ అందులోంచే వాళ్ల సీసా నింపింది. ఇరుగుపొరుగు వాళ్లూ తలా ఒక చెంబు అడిగి తీసుకెళ్లారు. అన్ని సీసాల్లోనూ ఆ ఒక్క క్యాను నీళ్లే.

"ఆఫీసర్లకు బోరు నీళ్లు పోస్తరా? ఇజ్జత్ పోదా?" అంది అత్తమ్మ.

"తాగనీకి అడగలే అత్తమ్మా, పరీక్షకు అడిగిన్రు."

"గది నాకెవలు చెప్పిన్రు? సదువుకున్నదానివి, గాడ సీసా పట్టుకున్నది నువ్వే గద!"

వ్యాసం రాసిన డాక్టరుకు జరిగింది రాయడానికి కాగితం తీశాను.

"పెద్దోళ్లు రాసింది తప్పని ఎట్ల రాస్తవ్? నవ్వుతరు," అన్నాడు మా ఆయన.

"నవ్వనీ. తప్పు నీళ్లు పోసింది మనమే. చెప్పాల్సింది కూడా మనమే."

డాక్టరుకు అంతా రాశాను, నా చేతిలో సీసా ఉన్న సంగతితో సహా. పట్టికను పంచాయతీ గోడకు అంటించి మా ఊరి పిల్లల మూత్రం లెక్క కింద ఎర్ర గీత గీశాను.

"గోడ ఖరాబ్ చేస్తున్నవమ్మా," అన్నాడు సెక్రటరీ.

"పిల్లల పళ్లు, బొక్కలు ఖరాబైతున్నయ్. సున్నం నేనే ఏయిస్త."

మేడమ్ ఫోన్ చేసింది. "నీ ఉత్తరం మా కమిటీ ముందు పెడుతున్నా. ప్రభుత్వ డబ్బుతో చేసిన ప్రతి వ్యాసం లైబ్రరీకి ఇవ్వాల్సిందేనని రూలు పెట్టమంటా. ఒప్పుకుంటారో లేదో. ఒప్పుకోకపోతే మళ్లీ పెడతా."

డాక్టరు నన్ను తప్పుపట్టలేదు. సోమవారం తానే వచ్చి ఇళ్లలో, బడిలో నీళ్లు మళ్లీ పడతానని రాశాడు. సార్లొస్తున్నారని ఆదివారం సాయంత్రానికే మా వీధిలో నాలుగు ఇళ్లకు కొత్త క్యాన్లు దిగాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి పిల్లలిద్దరినీ నిలబెట్టి చెప్పాను. "సార్లు బడికొచ్చి నీళ్లడిగితే మీ సంచుల్ల సీసాలు తియ్యొద్దు. అవి మీరు తాగనీకి పోసిన క్యాను నీళ్లు. వాళ్లను బోరు కాడికి తీస్కపోయి గా నీళ్లే పట్టియ్యిన్రి. హెడ్‌మాస్టర్ సార్ గుర్రుగ సూసినా భయపడొద్దు. మా అమ్మ చెప్పిందని చెప్పున్రి."