వదిన వాకిట్లో చించేసిన కార్డు

నేను చేసిన మొట్టమొదటి గ్రీటింగ్ కార్డును మా వదిన వాకిట్లోనే నాలుగు ముక్కలుగా చించి, తలకు పోసుకుని, ఆ తర్వాతే ఇంట్లో అడుగుపెట్టింది.

వదిన అంటే మా ఆయన అక్క. ఆమెది ఆలూరు, మేముండేది కడప. ఆ కొత్త సంవత్సరానికి నేను మూడు సాయంత్రాలు కూర్చుని, పెన్సిలు చెరిపే రబ్బరు మీద బ్లేడుతో జొన్నకంకి చెక్కాను. దాన్ని నల్ల సిరాలో అద్ది, తెల్లటి అట్ట మధ్యలో ఒకే ఒక్క ముద్ర వేశాను. ఫోన్‌లో చూసిన వీడియోల్లో కార్డులన్నీ అలాగే ఉన్నాయి మరి. ఎంత హుందాగా ఉందో అని నాకు నేనే మురిసిపోయి పోస్టు చేశాను.

మా వైపు శుభలేఖకు నాలుగు మూలలా పసుపు ఉండాలి. పసుపు లేకుండా నల్ల సిరాతో అట్ట వచ్చిందంటే అది దినానికి పిలుపు. చూసి బయటే చించేయాలి, గడప దాటనివ్వకూడదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతే, వీడియోల మోజులో మర్చిపోయాను. వదిన కళ్లద్దాలు లేకుండా చూసింది. చేయాల్సినదంతా చేసి, తమ్ముడికి ఫోన్ కొట్టింది.

"ఏమప్పా, ఎవురు పోయినారు? దినం ఎప్పుడు?"

మా ఆయన పడీ పడీ నవ్వి, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"హ్యాపీ న్యూ ఇయర్ వదినా," అన్నాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది. పండగపూట సన్నీళ్లు పోసుకునేట్టు చేస్తివి కదమే! నీకు రంగులు రావు, ఇడిసిపెట్టు."

నాకు ఒళ్లు మండింది. తప్పు నాదే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండింది. అదే కంకిని, అదే నలుపులో, వదిన తన చేత్తో తన ఇంట్లో పెట్టుకోవాలి, అప్పటిదాకా వదలను అనుకున్నాను. "పసుపూ ఎరుపూ కొట్టి పంపరాదా, గొడవ వదిలిపోతుంది," అన్నాడు మా ఆయన. పసుపూ ఎరుపూ అయితే ఎవరైనా పెట్టుకుంటారు. అందులో నా గొప్పేముంది?

పసుపు మీద నలుపు వేస్తే ఆటో నంబరు ప్లేటులా వచ్చింది. ఎరుపు మీద వేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించే పుర్రె బోర్డు గుర్తొచ్చింది. ముదురు ఆకుపచ్చ మీద కంకి కనిపించనే లేదు. ఉగాది దగ్గర పడింది.

దారి చూపింది మా వీధి చివర గాజులమ్మే ఆవిడ. అందరం ఆపా అని పిలుస్తాం. కుంకుమరంగు చీర, నల్ల అంచు, దానికి తగ్గ గాజులు కావాలని వెళ్లాను. ఎర్రవి నాలుగు తొడిగింది. తర్వాత బంగారురంగుది సన్నది ఒకటి, నల్లవి రెండు, మళ్లీ సన్నది, మళ్లీ ఎర్రవి.

"మధ్యలో ఈ సన్నవి ఎందుకాపా?"

"ఎరుపూ నలుపూ పక్కపక్కన పెడితే కొట్లాడుకుంటాయమ్మా. నడుమ ఒకరు కూసుంటే సర్దుకుంటాయి. నలుపుకేం తప్పుండాది? ఒంటిగా పెడితేనే తప్పు."

ఇంటికొచ్చి సంచి కూడా కింద పెట్టకుండా పనిలో పడ్డాను. కంకి కన్నా రవ్వంత పెద్ద అచ్చు ఇంకొకటి చెక్కి, కుంకుమరంగు అట్ట మీద ముందు పసుపురంగు అద్దాను. అది ఆరాక దాని మీద నల్ల కంకి వేస్తే, చుట్టూ సన్నటి పసుపు అంచు మిగలాలి. ముద్ర పక్కకు జరిగి అయిదు అట్టలు పాడయ్యాయి. ఆరోది కుదిరింది.

ఉగాదికి ఆలూరు వెళ్లి నేనే చేతికిచ్చాను. వదిన ఈసారి కళ్లద్దాలు తెప్పించుకుని, వాకిట్లో నిలబడే చూసింది. పసుపు అంచును బొటనవేలితో తడిమింది. తర్వాత లోపలికి వెళ్లి, దాన్ని దేవుడి గూట్లో పెట్టింది.

అక్కడితో ఆగినా నేను గెలిచినట్టే. కానీ భోజనాల దగ్గర పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డిస్తూ, "వచ్చే నెల మనవరాలికి పేరు పెడతాండాం. పిలుపులకు ఇట్లాంటివే యాభై చేసియ్యి," అంది.

"నలుపు తీసేసి చేస్తాలే వదినా. ఎవరైనా వాకిట్లో చించేస్తే?" అన్నాను, ఎత్తిపొడవకుండా ఉండలేక.

"నలుపు తీసేస్తే నాకు వద్దే వద్దు. అదుంటేనే పాపకు దిష్టి తగలదు."

నేను ఇంకో ఓళిగ వేయించుకున్నాను.